సరిగ్గా ఎన్నాళ్లయింది?

ఫినాయిలు నీళ్ల బకెట్టును మెట్ల మలుపు దగ్గర దించి ఎలీసమ్మ చెయ్యి మార్చుకుంది. ఎడమ చేతి నుంచి కుడి చేతికి. ఇంకా పదకొండు మెట్లున్నాయి. పైన ఆరు గదులు, ఒక పొడుగాటి వరండా, రెండు మరుగుదొడ్లు. పొద్దున ఏడింటికి పెద్ద డాక్టరుగారు రోగుల్ని చూడ్డానికి వచ్చేసరికి నేల ఆరి ఉండాలి. ఇరవై రెండేళ్లుగా ఏ రోజూ తడిగా లేదు.

దవడ కింద సన్నగా లాగింది. ఆమె నిలబడి ముప్పై లెక్కపెట్టింది. లాగడం ఆగింది. బకెట్టు ఎత్తుకుని పైకి వెళ్లింది.

ఎలీసమ్మకు యాభై మూడేళ్లు. పొట్టి మనిషి. నీలం అంచు తెల్లచీరను చీలమండల పైకి దోపి కట్టుకుంటుంది. జుట్టు ముడిలో నెరిసింది ఎక్కువ, నల్లది తక్కువ. చేతులు మాత్రం ఆ ఒంటికి అతికించినట్టు పెద్దవి. రోజంతా బ్లీచింగు నీళ్లలో నాని వేళ్ల చివర్లు పాలిపోయి ఉంటాయి. ఆ వేళ్లతో ఆమె పక్కదుప్పటి ఒక్కసారి దులిపి పరిచిందంటే మడత ఉండదు. నరసన్నపేటలో హైవే పక్కనున్న ఈ నర్సింగ్ హోమ్‌లో ఆమె ఆయా. పనివాళ్లంతా కలిపి ఎనిమిది మంది. పదిమంది లేరు కాబట్టి ఈఎస్ఐ లేదు. ఈ సంగతి ఇక్కడ జీతం తీసుకునే మిగతా ఏడుగురికీ తెలియదు. ఎలీసమ్మకు తెలుసు.

ఆ రోజు శుక్రవారం. 2017 మే ఐదు. సాయంత్రం నాలుగింటికి ఇన్సూరెన్స్ ఏజెంటు నాగబాబు వస్తాడు. ఆమె భర్త విక్టర్ వస్తాడు. మూడు వారాలుగా నానుతున్న పని ఇవాళ తేలిపోవాలి. ఏ పాలసీ, ఎవరి పేరు మీద, ఏం రాయాలి, ఏం రాయకూడదు. అంతా ఇవాళే.

పాలసీ దాకా రావడానికి కారణం ఒక జీపు.

విక్టర్ డ్రైవరు. చర్చి పాస్టరుగారు పల్లెల్లో ప్రార్థన కూడికలకు తిరగడానికి ఆరేళ్ల క్రితం పాత జీపు కొన్నారు. కాగితాలు ఎవరి పేరు మీద పెట్టాలని సంఘం రెండు వర్గాలై కూర్చుంది. చివరికి ఏ వర్గానికీ చెందని మనిషని విక్టర్ పేరు మీద పెట్టారు. విక్టర్ ఆ రోజు ఇంటికొచ్చి కోడిని కోయించాడు. కిందటేడు సర్వేవాళ్లు వచ్చి ఆధార్ నంబరు కొట్టగానే కంప్యూటరులో జీపు కనబడింది. నాలుగు చక్రాల బండి ఉన్న ఇంటికి తెల్లకార్డు లేదు. తెల్లకార్డు లేకపోతే సర్కారు వైద్యసేవ లేదు. జీపు తనది కాదని విక్టర్ మూడు ఆఫీసుల్లో చెప్పాడు. మూడుచోట్లా ఆయన సంతకమే ఆయనకు చూపించారు. అర్జీ ఇంకా తిరుగుతూనే ఉంది.

విక్టర్‌కు యాభై ఎనిమిది. చక్కెర వ్యాధి. కుడికాలి బొటనవేలి పక్కన ఒక పుండు రెండుసార్లు మానింది, రెండుసార్లు లేచింది. అటువంటి కాళ్లు చివరికి ఎక్కడికి వెళతాయో ఎలీసమ్మ ఈ వరండాలోనే చూసింది. కొన్నిటిని తన చేతులతోనే సంచిలో చుట్టి బయటికి మోసింది. అందుకే పాలసీ.

నాగబాబు మొదటిసారి వచ్చినప్పుడు మూడు రంగు కాగితాలు బల్ల మీద పరిచి, ఏడాదికి ఎంతో చెప్పబోయాడు. ఎలీసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఎంత కట్టాలన్నది చివర్న చెప్పమంది. ముందు ఎప్పుడెప్పుడు ఇవ్వరో చెప్పమంది. నాగబాబు ఐదేళ్లుగా పాలసీలు అమ్ముతున్నాడు. ఆ ప్రశ్న మొదట అడిగిన మనిషిని అతను అంతవరకు చూడలేదు.

ఆమె చదివింది ఏడో తరగతి. కానీ మిషన్ బడిలో ఒక టీచరమ్మ ఉండేది. పేర్ల జాబితాలు కూడా వదలకుండా పైకి చదివించేది. చిన్న అక్షరాలను ముందు చదవడం ఎలీసమ్మకు అక్కడ అబ్బింది. మిగతా చదువంతా బిల్లుల కిటికీ పక్కన. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు సామాను మోసుకుని ఆమె ఆ కిటికీ దగ్గర నిలబడుతుంది. ఎవరికి పూర్తిగా వచ్చింది, ఎవరికి సగం వచ్చింది, ఎవరు గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు అన్నది ఇరవై రెండేళ్లు అక్కడ చూసింది.

అందుకని నాగబాబు ఎర్రకాగితం చవకని పొగిడితే ఆమె గది అద్దె అడిగింది. రెండు లక్షల పాలసీకి గదికి రోజుకు ఒక శాతం, అంటే రెండువేలు. విశాఖపట్నంలో గది నాలుగువేలు. గది అద్దెలో సగమే పాలసీ భరిస్తే ఆపరేషను ఖర్చులోనూ సగమే ఇస్తారు. గది పెద్దదయితే కోత కూడా పెద్దదవుతుందన్నమాట. నాగబాబు మెడలో టై సర్దుకున్నాడు. మే నెలలో నరసన్నపేటలో టై కట్టే మనిషి అతనొక్కడే. నీలికాగితం ఇద్దరికీ కలిపి ఒకటే పాలసీ. ఐదు లక్షలు ఎవరు కావలిస్తే వాళ్లు వాడుకోవచ్చు. అందరూ అదే తీసుకుంటారని అతను చెప్పాడు. ఎలీసమ్మ దాన్ని పూర్తిగా చదివి పక్కన పెట్టింది. విడివిడిగా కావాలంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. మళ్లీ వచ్చినప్పుడూ అడిగాడు. విడివిడిగానే అంది.

ఇక మిగిలింది ఆకుపచ్చ కాగితం. మనిషికి మూడు లక్షలు. గది అద్దెకు హద్దు లేదు. ముందునుంచి ఉన్న జబ్బుకు నాలుగేళ్లు కాదు, రెండేళ్లు ఆగితే చాలు. అరవై దాటకముందే చేరితే ప్రతి బిల్లులో ఐదో వంతు సొంతంగా పెట్టుకోవలసిన బాధ లేదు. విక్టర్‌కు ఇంకా రెండేళ్లుంది.

ఆలోచిస్తూనే ఆమె వరండా చివరిదాకా తుడిచింది. నేల ఆరింది.

*

పదిగంటలకు గంగులును ఆటోలో తెచ్చారు. పోలాకి అవతల సముద్రపొడ్డు ఊరు. అరవై ఏళ్ల చేపలవేటగాడు. ఎండకూ ఉప్పుకూ నల్లబడి, వలతాడులాగా పేనుకుపోయిన ఒళ్లు. మూతి ఎడమవైపు జారింది. ఎడమ చెయ్యి ఎవరిదో అన్నట్టు ఒళ్లో పడి ఉంది. పక్కన భార్య తాతమ్మ. తెల్లవారుజామున చేపలు అమ్మడానికి బయలుదేరిన మనిషి, తట్ట కూడా దింపకుండా వచ్చేసింది. తట్ట ఇప్పుడు ఆటోలో ఉంది. వాసన మనుషుల కంటే ముందు లోపలికి వచ్చింది.

డ్యూటీ డాక్టరు అరుణశ్రీ. చదువు ముగించుకుని వచ్చి ఏడాది. వేగంగా చూస్తుంది, వేగంగా రాస్తుంది. సూది, సెలైను, తలకు స్కానింగు చకచకా పురమాయించి, కేసుషీటు ముందుకు లాక్కుంది. ఈయనకు బీపీ ఉందా అని అడిగింది. ఉందని తాతమ్మ తల ఊపింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగింది.

ఎలీసమ్మ చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని బకెట్టులో వదిలేసి మంచం దగ్గరికి వచ్చింది.

"పదేళ్లయి తల్లీ ఈ మడిసికి బీపీ," అంది తాతమ్మ. "పదేళ్లనుంచీ నా పేణం తీస్తన్నాడు."

పెన్ను కాగితానికి తగలబోయింది.

"డాక్టరమ్మా, ఒక్క నిమిషం," అంది ఎలీసమ్మ. తాతమ్మ వైపు తిరిగింది. "పదేళ్లేటి వదినా. సరిగ్గా సెప్పు. ఈయనకి బీపీ ఉన్నాదని మొదట సెప్పినోలు ఎవులు?"

ఈ ప్రాంతంలో బాధకు పదేళ్లకు తక్కువ లెక్క లేదు. తలనొప్పి పదేళ్ల నుంచి, నడుము పదేళ్ల నుంచి, అల్లుడితో తగాదా పదేళ్ల నుంచి. తక్కువ చెబితే డాక్టరు తేలిగ్గా తీసుకుంటాడని భయం. ఎక్కువ చెబితే పాపమని ఇంకో మంచి మందు రాస్తాడని ఆశ. అందులో అబద్ధం చెబుతున్నామన్న ఆలోచనే ఉండదు. అది బాధను చెప్పుకునే పద్ధతి. కానీ కేసుషీటుకు ఆ పద్ధతి తెలియదు. అక్కడ పదేళ్లంటే పదేళ్లే. దాన్ని చదివేవాడు హైదరాబాదులోనో చెన్నైలోనో కూర్చుని ఉంటాడు. పాలసీ తీసుకోకముందు నుంచే జబ్బుంది కదా అంటాడు. కాగితం వెనక్కి వస్తుంది.

ఎనిమిదేళ్ల క్రితం జగన్నాధానికి అలాగే వచ్చింది. బియ్యం మిల్లులో కాటా పట్టే మనిషి. పిత్తాశయంలో రాళ్లు. నొప్పి మొదలై నిజానికి ఐదు నెలలు. డాక్టరు అడిగితే అలవాటు కొద్దీ పదేళ్లన్నాడు. పాలసీ వయసు మూడేళ్లు. ఎలీసమ్మ అప్పుడు అదే గదిలో కిటికీ తుడుస్తోంది. విన్నది. ఊరుకుంది. అది తన పని కాదనుకుంది. జగన్నాధం బతికాడు. అతని రెండెకరాల మడిచెక్క బతకలేదు. ఒక్క మాటకి ఇంత శిక్షా అని అతని భార్య బిల్లుల కిటికీ ముందు అడిగితే, గదిలో ఉన్నవాళ్లంతా నేలవైపు చూశారు. ఆ నేలను తుడిచిన మనిషి కూడా.

మర్నాటి నుంచి కొత్త రోగి వచ్చాడంటే ఎలీసమ్మ గుడ్డ వదిలేసి మంచం దగ్గరికి వస్తుంది. ఇది ఆమెకు ఎవరూ చెప్పిన పని కాదు. దీనికి జీతమూ లేదు.

"ఎవులంటే," తాతమ్మ తడుముకుంది. "కాంపుకొచ్చినోలు. తుఫాను షెల్టరుకాడ."

"ఏ తుఫాను? ఫైలినా, హుద్‌హుదా?"

"హుద్‌హుదే. ఫైలినుకి మా పాక కప్పు నిలబడ్డాది. దీనికి లేచిపోనాది. అందర్నీ షెల్టరుకి తోలినారు. ఆడకి డాట్రులొచ్చి సేతికి పట్టీ కట్టి సూసినారు. బీపీ అన్నారు. అప్పుడే మాత్ర."

"అంతకుముందు ఎప్పుడైనా మాత్రేసినాడా? ఎవులైనా సూసినారా?"

"ఎవులు సూస్తారు? సముద్రంలో ఎవులుంటారు సూడ్డానికి?"

"అంటే రెండున్నరేళ్లు," అంది ఎలీసమ్మ.

తాతమ్మ నోరు తెరిచి మొగుడి వంక చూసింది. "అంతేనేటి? నాకు పదేళ్లనాగున్నాది."

గంగులు ఒకవైపు కనుబొమ్మ పైకి లేచింది. మాట రాలేదు గాని ఆ కనుబొమ్మ చెప్పవలసింది చెప్పింది. అరుణశ్రీ నవ్వు ఆపుకుంటూ కేసుషీటులో రాసింది. రక్తపోటు, 2014 అక్టోబరు నుంచి, తుఫాను శిబిరంలో గుర్తించారు.

అప్పుడు ఎలీసమ్మ ఇన్సూరెన్స్ కార్డు అడిగింది. ఎప్పుడూ అంతే. జబ్బు ఏ రోజు నుంచో ముందు తేలాలి, తర్వాతే కార్డు. ముందు కార్డు చూస్తే నాలుక దాని వైపు వంగుతుందని ఆమె నమ్మకం. ఒకసారి ఒక షావుకారు వచ్చి, ఆరేళ్ల చక్కెరను ఆర్నెల్లుగా రాయించమని ఆమె చేతిలో నోటు పెట్టబోయాడు. సరిగ్గా చెప్పించడం వేరు, తగ్గించి చెప్పించడం వేరు అని ఆ నోటును అతని జేబులోనే పెట్టి పంపింది.

తాతమ్మ బొడ్లో సంచి విప్పి ప్లాస్టిక్కు కార్డు తీసింది. కొడుకు గోవింద్ గుజరాత్‌లో వేరావలు రేవు నుంచి బోటెక్కుతాడు. అక్కడి బోటు యజమాని మనిషొకడు చెబితే అమ్మానాన్నలకు పాలసీ కట్టించాడు. మొదటి తేదీ 2014 జూన్. తుఫానుకు నాలుగు నెలల ముందు.

ఎలీసమ్మ కార్డును రెండుసార్లు చూసింది. బిల్లుల కిటికీలో ఇచ్చింది. కంపెనీ అనుమతికి కాగితాలు అప్పటికప్పుడే పంపించమంది. రిపోర్టులన్నీ కలిపి ఒకేసారి పంపమని, విడివిడిగా పంపితే ఒక్కొక్క దానికి ఒక్కొక్క ప్రశ్న వేస్తారని కూడా చెప్పింది. తర్వాత వచ్చి తడిగుడ్డ పిండుకుంది.

మెట్లెక్కేటప్పుడు దవడ మళ్లీ లాగింది. ఈసారి ముప్పై చాలలేదు. యాభై దాకా లెక్కపెట్టింది.

*

విక్టర్ మూడున్నరకే వచ్చాడు. తెల్ల షర్టు, తల మీద తడి తువ్వాలు, కుడికాలికి వేళ్ల దగ్గర కోసిన చెప్పు. మెట్ల కింద చెక్కబెంచీ మీద కూర్చుని కాలు చాపుకున్నాడు. సన్నటి మనిషి. నవ్వితే ముఖమంతా గీతలు. ఎవరితోనైనా మొదటి ఐదు నిమిషాల్లో జీపు కథ చెబుతాడు. నాలుగింటికి నాగబాబు వచ్చి బండి స్టాండు వేసేలోగా వాచ్‌మన్‌కు సగం కథ అయిపోయింది.

ముగ్గురూ బెంచీ మీద, మధ్యలో నాగబాబు సంచి, దానిమీద రెండు ఫారాలు. ఎలీసమ్మ ఆకుపచ్చ కాగితం మీద వేలు పెట్టింది. నాగబాబు ఆఖరిసారి నీలికాగితం ముందుకు జరిపి చూశాడు. ఒకే ప్రీమియం, ఇద్దరూ ధీమాగా ఉంటారన్నాడు. ఆమె దాన్ని తిరిగి అతని సంచిలో పెట్టేసింది.

విక్టర్ ఫారం మొదలైంది. పేరు, ఊరు, పుట్టినతేది సాఫీగా జరిగాయి. జబ్బుల గళ్ల దగ్గరికి వచ్చేసరికి నాగబాబు గొంతు తగ్గించాడు. షుగరని రాస్తే ఏడాదికి కట్టేది పెరుగుతుందని, రెండేళ్లు కాలికి ఏమీ రాదని, రాయకపోతే ఎవరూ వచ్చి నాలిక పెట్టి చూడరని చెప్పాడు. విక్టర్‌కు ఆ మాట నచ్చింది. తన షుగరు అంత పెద్దది కాదన్నాడు.

"రెండు నెలలనాడు ఇదే బెంచీ మీద కూకుని, నా షుగరు పదేళ్లదని ఆ కొత్త డాట్రుకి సెప్పింది ఎవులు?" అంది ఎలీసమ్మ.

విక్టర్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"రాయి నాగబాబూ. 2011 డిసెంబరు. చర్చిలో రక్తం ఇచ్చే కాంపులో తెలిసినాది. క్రిస్మస్సుకి పదిరోజులు ముందు. ఐదేళ్ల నాలుగు నెలలు. పుండు కూడా రాయి. రెండుసార్లు మానినాది, రెండుసార్లు లేచినాది."

"పుండు దేనికప్పా?" అన్నాడు నాగబాబు. ఎలీసమ్మను అతను అక్క వరసలో అప్పా అనే పిలుస్తాడు.

"రెండేళ్లు కాసుకుంటాను. ఆ కాలికి రోజూ కట్టు కట్టేది నేనే. రెండేళ్ల తరవాత ఇస్తామన్నోడు ఇవ్వనంటే, నా దగ్గిర ఒక్క మాట ఉండాల. మొదట్నే రాసినాం అని."

నాగబాబు రాశాడు. విక్టర్ సంతకం చేశాడు. సంతకం పెద్దగా, వంపులు తిరిగి ఉంటుంది. జీపు కాగితాల మీద కూడా అలాగే చేశాడు.

ఆమె ఫారం సులువనుకున్నాడు నాగబాబు. ఆమెకు షుగరు లేదు, బీపీ లేదు. జబ్బుల గళ్లన్నిటిలో పెన్సిలుతో లేదు, లేదు, లేదు అని వరసగా కొట్టేసి ఫారం ఆమె ముందుంచాడు. సంతకం చేస్తే అయిపోతుంది. ఆరు దాటితే బ్రాంచిలో ఎవరూ ఉండరని తొందరపెట్టాడు.

ఎలీసమ్మ పెన్ను తీసుకుని, పెన్సిలు గీతల మీదుగా కిందికి చదువుకుంటూ వెళ్లింది. చివరి గడి దగ్గర ఆగింది. చిన్న అక్షరాలు. ఛాతీలో, దవడలో, ఎడమ చేతిలో నొప్పి గాని, ఆయాసం గాని, వైద్యునికి చూపించినా, చూపించకపోయినా.

చూపించకపోయినా.

బయట హైవే మీద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. విక్టర్ ఏదో చెబుతున్నాడు. ఆమెకు వినబడలేదు.

ఇది తెలిసింది ఆమెకు ఒక్కదానికే. ఏ కేసుషీటులోనూ లేదు. ఏ చీటీ మీదా లేదు. సంతకం చేసి, కొత్త పాలసీ ఏ జబ్బుకూ ఇవ్వని మొదటి ముప్పై రోజులు ఆగి, అప్పుడు అరుణశ్రీ దగ్గరికి వెళ్లి నిన్ననే మొదలైందని చెబితే అది కొత్త జబ్బే. అన్ని దారులూ ఆమెకు తెలుసు. మూడు వారాలుగా ఒక మనసు ఆ ముప్పై రోజులు లెక్కపెడుతూనే ఉంది. ఆ మనసు ఏ రోజు ఏం చేస్తుందో నమ్మకం లేకనే, ఇంకో మనసు ఫారాలు వేరువేరుగా ఉండాలని పట్టుబట్టింది.

పొద్దున తాతమ్మ చేత తుఫాను పేరు చెప్పించింది. ఇప్పుడు తన వంతు.

ఆమె పెన్సిలు గీతను కొట్టేసింది. పక్కన ఉంది అని ఇంకుతో రాసింది. దాని ముందు, ఎన్నాళ్ల నుంచి అన్నచోట, గుండ్రటి మిషన్ బడి అక్షరాలతో రెండు మాటలు రాసింది. మూడు వారాలు.

నాగబాబు చదివాడు. మొదట తప్పుగా రాసిందనుకున్నాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

"అప్పా, ఇది రాస్తే కంపెనీ ఒప్పుకోదు. నీ ఫారం ఎనక్కొచ్చేస్తాది."

"వస్తే రానీ. నాది నాదే. ఈయనది ఈయనదే. ఒకటే పాలసీ అయుంటే రెండూ కలిపి ఎనక్కొచ్చును. అందుకే ఇడివిడిగా అన్నాను."

విక్టర్ కాలు ముడుచుకున్నాడు. ఆ ఫారాన్ని తలకిందులుగానే చూస్తూ, చదివినంత మేర చదివాడు.

"ఎప్పుడే?"

"గుడ్ ఫ్రైడే నాడు. చర్చి డాబా మీదికి కుర్చీలు మోసినాను సూడు. అప్పుడు."

"నాకేల సెప్పనేదు?"

"సెప్తే ఊరందరికీ పదేళ్లని సెప్తువు."

విక్టర్ నవ్వబోయాడు. లేచి, కోసిన చెప్పు టకటకలాడించుకుంటూ అరుణశ్రీ గదివైపు పరుగులాంటి నడకతో వెళ్లాడు. ముందు నీ కాగితం అవ్వాలని ఆగానని ఎలీసమ్మ వెనకనుంచి చెప్పింది. అతనికి వినబడిందో లేదో తెలియదు. నాగబాబుతో మాత్రం, ఆరు దాటక ముందే విక్టర్ ఫారం బ్రాంచిలో ఇచ్చేయమని, అందినట్టు చీటీ తీసుకోమని, పదిహేను రోజుల్లో పాలసీ పుస్తకం రాకపోతే తను అడుగుతానని గట్టిగా చెప్పింది. అతను విక్టర్ ఫారం సంచిలో పెట్టుకున్నాడు. రెండోదాన్ని ముట్టుకోలేదు. వెళ్లేటప్పుడు మెడలో టై విప్పి జేబులో కుక్కుకున్నాడు. ఎందుకో అతనికే తెలియదు.

*

ఈసీజీ యంత్రం నుంచి గులాబీ గళ్ల కాగితం పొడుగ్గా బయటికి వచ్చింది. అరుణశ్రీ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కిటికీ వెలుతుర్లో చూసింది. మళ్లీ ఒకసారి తీయించింది. రెండోది చూశాక ఆమె రాయడం, మాట్లాడడం రెండూ ఇంకా వేగంగా సాగాయి. ఎలీసమ్మ చేత మాత్ర నమిలించింది. నాలుక కింద ఇంకోటి పెట్టించింది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఇప్పుడే వెళ్లాలని, ఇక ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదని చెప్పింది. వాచ్‌మన్ నూట ఎనిమిదికి ఫోను చేశాడు.

తర్వాత అరుణశ్రీ కేసుషీటు తీసి, పేరు ఉన్నచోట ఎలీసమ్మ అని రాసి ఆగింది. ఏడాదిగా ఆ పేరును ఆమె పిలిచిందే గాని రాయలేదు.

"సరిగ్గా ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు. ఏప్రిల్ పద్నాలుగు, మద్దేనం. మెట్లెక్కితేనే వస్తాది. ఆగితే పోతాది. ఇవేళ మాత్రం పోడానికి కొంచెం ఎక్కువసేపయినాది."

అరుణశ్రీ ఒక్క మాట మార్చకుండా రాసింది. ఇలా చెప్పే రోగి ఉంటే తన పని సగమవుతుందని, విశాఖలో చూసేవాళ్ల పని కూడా సగమవుతుందని అంది. నొప్పి కొత్తది, అది పెరుగుతోందన్నది ఈ నాలుగు ముక్కల్లోనే తెలిసిపోయిందట. పదేళ్లని చెప్పి ఉంటే పాతనొప్పేనని మందులిచ్చి పంపేదాన్నేమో అంది. సమయానికి చెప్పావని రెండుసార్లు అంది.

ఆరుంపావుకు బండి వచ్చింది. ఇరవై రెండేళ్లలో ఎలీసమ్మ ఆ స్ట్రెచరును తోసిందే గాని ఎక్కలేదు. ఎక్కాక పక్కదుప్పటి అంచును తనే సర్దుకుంది. మడత పోయేదాకా వదల్లేదు. రేపు పై వరండా ఎవరు తుడుస్తారో, బ్లీచింగు పొడి ఏ అరలో ఉందో చెప్పింది. గంగులు కాగితాలకు కంపెనీ నుంచి జవాబు వచ్చిందా అని అడిగింది. ఇంకా రాలేదన్నారు. వస్తుందంది.

విక్టర్ బండిలో ఆమె తల దగ్గర కూర్చున్నాడు. తువ్వాలు రెండు చేతుల్తో పిండుతున్నాడు. అందులో నీళ్లెప్పుడో ఆరిపోయాయి.

"మావా," అంది ఎలీసమ్మ. "ఆడ డాట్రు అడుగుతాడు. ఎన్నాళ్లనుంచని. పదేళ్లని అనీకు."

"మూడు వారాలు," అన్నాడు విక్టర్.

"మెట్లెక్కితేనే అని కూడా సెప్పు."

తలుపు మూశారు. బండి హైవే ఎక్కి, లారీల మధ్య దారి చేసుకుంటూ శ్రీకాకుళం వైపు వెళ్లిపోయింది. ఎర్రదీపం కొంతసేపు కనబడింది.

ఏడింటికి బిల్లుల కిటికీలో ఫోను మోగింది. గంగులు పాలసీకి అనుమతి వచ్చింది. తాతమ్మ ఆ కబురు మొదట ఎలీసమ్మకే చెప్పాలని మెట్లు దిగి వచ్చింది. మెట్ల కింద ఎవరూ లేరు. చెక్కబెంచీ మీద ఒక ఫారం, అది ఎగిరిపోకుండా మీద ఒక పెన్ను ఉన్నాయి. పైనున్న ఫ్యాను గాలికి ఫారం అంచు లేస్తోంది, పడుతోంది. పెన్సిలుతో కొట్టిన లేదులన్నీ సాయంత్రపు మసకలో కలిసిపోయాయి గాని, చివరి గడిలో ఇంకు మాత్రం ఇంకా నల్లగా కనబడుతోంది.